ఎత్తు బంతి

ఫోన్ ఛార్జింగ్ పెట్టాలి. బ్యాలెన్స్ వేయించాలి. తన ఫుట్‌బాల్ జట్టు బలాలూ బలహీనతలూ కాగితం మీద రాసుకోవాలి. రేడియో సౌండు తగ్గించాలి. ఒబువాసి ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న మాజీ గని కార్మికుడు బాఫి ఇవన్నీ పొద్దున్నే ముగించుకుని ఎఫ్ఎం స్టేషన్‌కి ఫోన్ కలిపాడు.

"చెప్పండి బాఫి మామా! మ్యాచుల్లేని ఈ రెండు నెలల్లో మన బోసుమ్ స్టార్స్ ఎలా తయారైంది?" యాంకర్ ఎఫ్వా అడిగింది.

"ఫార్వర్డులు పులులమ్మా. ఇక గోలు కాసే మన గోలీకి సాటి ఈ దేశంలోనే లేడు."

అని ఆగాడు. సరిగ్గా ఇక్కడే, ఎప్పటిలా, మాంపాంగ్ ఊరి నుంచి ఆసిబే లైన్లోకి దూరాలి. "ఓయ్ బాఫీ, కళ్ళజోడు మార్చు! ఆ గోలీకి ఎత్తు బంతి ఎప్పుడైనా అందిందా?" అనాలి. తొమ్మిదేళ్ళుగా రేడియోలో పోట్లాడుకోవడమే తప్ప ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

"ఏడీ ఆ మాంపాంగ్ ముసలాడు? ఇంకా నిద్ర లేవలేదా?"

ఎఫ్వా గొంతు తగ్గించి చెప్పింది. "ఆయన పోయారు మామా. పోయిన వారమే. నిన్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది."

బాఫి చేతిలోని కాగితం మెల్లగా మడిచాడు.

"మామా, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా. మన గోలీకి ఎత్తు బంతులు అందవు. ఆ సంగతి నాకు అతని మొదటి మ్యాచిలోనే తెలిసింది. ఒప్పేసుకుంటే ఆసిబే మళ్ళీ ఫోన్ చెయ్యడేమోనని ఒప్పుకోలేదు."

మడిచిన కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"వింటున్నవాళ్ళకి ఒక్క మనవి. లీగ్ మొదలయ్యాక మన గోలీ నెత్తి మీంచి బంతి వెళ్ళినప్పుడల్లా అతన్ని తిట్టకండి. మాంపాంగ్ ఆసిబేని ఒక్కసారి తలుచుకోండి."