మూడో డబ్బా

“మూడో డబ్బా అంత మూలకు వేశావేంట్రా? అక్కడ గాలి ఊరికే తిరిగిపోద్ది కదా,” అన్నాడు దిలీప్, బోటుకి తెరచాప బిగిస్తూ.

“తిరిగితేనేగా మజా. ఎప్పుడూ ఒకే దారైతే నిద్రొస్తది,” అన్నాడు సతీష్‌బాబు. గొంతు మామూలుగానే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు.

చిల్లకల్లు దాటాక పొలాల వెనక ఉన్న పాత సున్నపురాయి క్వారీ అది. తవ్వకాలు ఆపేసి చాలా ఏళ్ళయింది. వానలకు నిండి పెద్ద మడుగై కూర్చుంది. ఈ చివర ఒంగితే నీళ్ళు చేతికందుతాయి గానీ, ఆ మూలకు పోయేసరికి ఒడ్డు తాటిచెట్టంత గోడ. దాని అడుగున అన్నీ బండలే. మేకలు కాసేవాళ్ళు కూడా అటు పోరు. చిన్ననాటి స్నేహితులిద్దరూ ఆదివారం వచ్చిందంటే చాలు, బొమ్మ బోట్లు తెచ్చి, గుర్తుకి నీళ్ళలో తేలేసిన డబ్బాల చుట్టూ తిప్పుతూ ఇక్కడ పందెం వేసుకుంటారు. వాటికి మోటారు ఉండదు. నడిపేది గాలే, రిమోట్‌తో తెరచాపనీ చుక్కానినీ తిప్పుకోవాలంతే. సంసారాలు చూసుకునే వయసులో ఈ పడవలాటలేమిటని జగ్గయ్యపేటలో జనం నవ్వుకుంటారు. నవ్వుకోనీ, ఎవడికి నష్టం!

ఈ ఆటలో బోటు మీంచి చూపు తిప్పకూడదు. తిప్పావా, గాలి కొంప ముంచుతుంది. అందుకని ఒడ్డు వెంట బోటుతోపాటే నడుస్తారు. కళ్ళు నీళ్ళ మీద, కాళ్ళ సంగతి దేవుడికే ఎరుక. కాబట్టి డబ్బాలు వేసిన మనిషే ముందుగా ఒడ్డంతా తిరిగి చూసి, ప్రమాదమున్న చోటికి నాలుగడుగుల ముందే ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాలి. కాలికి కర్ర తగిలిందంటే ఆగిపోవాలి. ఇవాళ డబ్బాల వంతు సతీష్‌ది.

మూడో డబ్బాకి ఎదురుగా మొన్నటి వానకి ఒడ్డు పగులిచ్చింది. మనిషి బరువు ఆగేట్టు లేదు. సతీష్ పొద్దున్నే వచ్చి చూశాడు. కర్ర మాత్రం పాతలేదు.

ఎందుకంటే రేపు దిలీప్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి.

పోయిన నెల హైదరాబాదులో పోటీకి వెళ్ళి వస్తుంటే, గరికపాడు చెక్‌పోస్టు దాటాక జరిగిందది. కారు దిలీప్‌ది. బోట్లు విరక్కుండా పట్టుకుని వాడు వెనక సీట్లో కూర్చుంటే, సతీష్ నడిపాడు. సైకిలు మీద మనిషి ఎటునుంచి వచ్చాడో ఏమో! సతీష్ కారు ఆపలేదు. ఆ మనిషి బతకలేదు. ధాబా కెమెరాలో నంబరు దొరికింది, కారు ఓనర్‌ని రమ్మని కబురొచ్చింది.

“పోలీసుల ముందు అబద్ధమాడ్డం నావల్ల కాదురా,” అని పోయిన ఆదివారం తేల్చేశాడు దిలీప్. కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. చూస్తే భార్య నాగశ్రీకి నెలలు నిండాయి. తొలిచూలు. బిడ్డ పుట్టేసరికి తను జైల్లో ఉంటాడు. ఆ ఆలోచనతో సతీష్‌కి వారంగా అన్నం సయించడం లేదు.

“నిన్న నందిగామలో ఆసుపత్రి దగ్గర నాగశ్రీ కనపడిందిరా,” అన్నాడు దిలీప్, ఫోను తీసి బోటు పెట్టెలో పడేస్తూ.

సతీష్ చటుక్కున తల తిప్పాడు. “ఏం చెప్పావు తనకి?”

“నేనేం చెప్తా? డెలివరీ ఎప్పుడని అడిగా. ఈ వారంలోనే అంటగా. దగ్గరుండి చూసుకోరా.”

లోపలికి పంపేవాడే దగ్గరుండి చూసుకోమంటున్నాడు! సతీష్‌కి ఒళ్ళు మండిపోయింది.

“మరి రేపటి సంగతి...”

“ఆట అయ్యాక నీకో మాట చెప్పాలి. ఇప్పుడు చెప్తే గొడవ చేస్తావు. మళ్ళీ ఎప్పుడు ఆడతామో ఏమో, ఇవాళ్టికి ప్రశాంతంగా ఆడనీ.”

దిలీప్ నవ్వాడు. ఆ నవ్వుతో సతీష్‌లో మిగిలిన కాస్త బెరుకూ పోయింది.

బోట్లు వదిలారు. పడమటి గాలి బాగా పట్టింది. మొదటి డబ్బా, రెండో డబ్బా దాటాయి. దిలీప్ బోటు ముందుంది. వాడు దాని వెంటే పోతున్నాడు, మెడ చాచి, కళ్ళార్పకుండా. సతీష్ తన బోటు వైపు చూడ్డమే మానేశాడు. వాడి కాళ్ళనే చూస్తూ వెనక నడిచాడు.

“కర్ర ఎక్కడ పాతావురా?” అడిగాడు దిలీప్, చూపు తిప్పకుండానే.

‘ఒరేయ్, ఆగు!’ సతీష్ నోటిదాకా వచ్చింది. వెంటనే నాగశ్రీ కళ్ళముందు మెదిలింది.

“ఇంకా ముందుకుంది. నువ్వు పద, నేను చూస్తున్నాగా.”

దిలీప్ ఇంకో రెండడుగులు వేశాడు. ఒడ్డు ముక్క చప్పుడు లేకుండా జారిపోయింది. చప్పుడు తర్వాత వినిపించింది, కింద బండల మీద.

సతీష్ పాక్కుంటూ వెళ్ళి తొంగిచూశాడు. దిలీప్ బోర్లా పడి ఉన్నాడు. ఎంతసేపు చూసినా కదల్లేదు. సతీష్‌కి ఏడుపు నిజంగానే వచ్చింది. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళు మరి! కళ్ళు తుడుచుకుని, పొలాల్లో జనాన్ని కేకేద్దామని వెనక్కి పరిగెత్తాడు.

బోటు పెట్టెలో ఫోను మోగుతోంది. తెర మీద ‘పోలీస్ స్టేషన్’ అని ఉంది. వీళ్ళకి ఎంతవరకు తెలుసో తనకి తెలియాలి. ఎత్తాడు.

“దిలీప్ గారాండీ? పొద్దున వచ్చి స్టేట్‌మెంట్ ఇచ్చారు గానీ, లైసెన్సు జిరాక్స్ ఇవ్వకుండా వెళ్ళిపోయారండీ.”

పొద్దున్నే వెళ్ళొచ్చాడా! అంతా చెప్పేశాడన్నమాట. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది. దిలీప్ లాగే మాట్లాడబోతే గొంతు కీచుమంది.

“నా... నా లైసెన్సు దేనికండీ?”

“బండి నడిపింది మీరేనన్నారు కదండీ.”