చుట్టుదారి

“కారు మాటెత్తకండి. బస్సులోనే వెళ్దాం,” అంది ఆమె.

డ్రాయింగు మాస్టారు భార్య వైపు వింతగా చూశాడు. మార్పు కోసమని నాలుగు రోజులు దీవికి వెళ్దామనుకున్నారు. కారులో అయితే లాంచీ ఎక్కే రేవుకి రెండున్నర గంటలు. బస్సు, రైలు, మళ్లీ బస్సు, ఆపైన లాంచీ అంటే పొద్దంతా దార్లోనే పోతుంది.

“ఎన్నాళ్లిలా భయపడుతూ కూర్చుంటాను? మీ తమ్ముడింటి నుంచి కారు తెప్పించు. నెమ్మదిగా నేనే నడుపుతా.”

“మొన్న లారీ హారన్ కొడితేనే గోడకి అతుక్కుపోయారు. మీరు కారు నడుపుతారా? ఇద్దరం దీవికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్తాం.”

మాస్టారు సరేనని తలూపాడు. ఆయన అమ్మ పోయి మూడు వారాలు. మందుల షాపుకని సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరిన మనిషి. వీధి చివర మలుపులో ఏదో కారు గుద్దేసి, ఆగకుండా పోయింది. చూసినవాళ్లు లేరు. అప్పట్నుంచీ కారు దగ్గరకొస్తే చాలు, మాస్టారికి ముచ్చెమటలు పట్టేస్తున్నాయి.

అందుకే ఆయన అడక్కుండానే తమ కారుని తమ్ముడింట్లో పెట్టించేసింది ఆమె. “కళ్లెదురుగా ఉంటే మీకు కష్టం కదండీ,” అంది. పోలీసుల దగ్గరికి ఎన్నిసార్లు తిరిగినా ఆయన్ని ఒంటరిగా పంపలేదు. వాళ్లు చెప్పే ప్రతి ముక్కా శ్రద్ధగా వినేది. ఇంటికొచ్చి ఒక్క ముద్ద కూడా తినేది కాదు.

ఆమెది పార్సెల్ ఆఫీసులో ఉద్యోగం. ఏ బండి ఎప్పుడు బయల్దేరుతుందో, ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో ఆమెకి కొట్టినపిండి. మాస్టారి డ్రాయింగు కాగితం ఒకటి బల్ల మీద పరిచి, ఎర్ర పెన్సిలుతో రాసుకుంటూ పోయింది.

“ఆరూ పదికి బస్సు. ఏడూ నలభైకి ప్యాసింజరు. అది ఎలాగూ ఆలస్యమే కాబట్టి రేవుకి రెండో బస్సు కూడా రాసి పెట్టా. పన్నెండున్నరకి లాంచీ. లాంచీలో ఎడంపక్క కూర్చుందాం, ఎండ తగలదు.”

“స్టేషన్‌కి మన వీధి చివరే బస్సుందిగా? అటు మార్కెట్టు దాకా నడిచి, ఆ చుట్టుదారి బస్సెందుకు?”

“వీధి చివర బస్సు ఆ మలుపు మీంచే వెళ్తుంది,” అంది ఆమె, తలెత్తకుండా.

మాస్టారు లేచి దగ్గరికొచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యేశాడు.

బయల్దేరే ముందురోజు ఆడపడుచు ఫోన్ చేసింది. “వదినా, అన్నయ్యని చంటిపిల్లాణ్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నావు. అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో!”

“ఊరుకో,” అని ఫోన్ పెట్టేసింది ఆమె. చాలాసేపు వంటింట్లోంచి కొళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ప్రయాణం ఆమె రాసినట్టే సాగింది. రైలు ఆలస్యమైంది, రెండో బస్సు అందింది. లాంచీ ఎక్కుతుంటే టిక్కెట్లు చూసే పెద్దాయన వాళ్ల కొత్త సంచీని చూసి, “కొత్తగా పెళ్లయిందా?” అని వేళాకోళమాడాడు.

“ఆఁ, పదహారేళ్లే అయింది,” అన్నాడు మాస్టారు.

మూడు వారాల్లో ఆయన నోట మొదటి హాస్యం. ఆమె నవ్వబోయి, మొహం నీళ్ల వైపు తిప్పుకుంది.

దీవిలో కార్లు లేవు. సైకిళ్లు, రెండు తోపుడుబళ్లు, అంతే. మొదటి రాత్రే మాస్టారు మొద్దులా పది గంటలు నిద్రపోయాడు. లేచాక సంచీలోంచి కాగితం తీసి ఒక పడవ బొమ్మ గీశాడు. కాఫీ చల్లారిందని విసుక్కున్నాడు కూడా. మనిషి మళ్లీ మనిషవుతున్నాడు.

ఆ సాయంత్రం ఇసుకలో కూర్చున్నప్పుడు నోరు విప్పాడు.

“డాక్టరు ఒక మాట చెప్పాడు. నువ్వు తట్టుకోలేవని దాచాను. అమ్మ వెంటనే పోలేదట. ఇరవై నిమిషాలు రోడ్డు మీదే కొట్టుకుందట. గుద్దినవాడు ఆగి, ఆసుపత్రిలో పడేసి పోయినా బతికేదట.”

ఇసుకలో గీతలు గీస్తున్న ఆమె వేలు ఆగిపోయింది.

“ఇరవై నిమిషాలా?” అంది.

“అవును. వాడికి అన్నం ఎలా దిగుతోందో, నిద్రెలా పడుతోందో!”

“దిగదండీ. పట్టదు కూడా.”

“నీ మొహం! అందరూ నీలాంటివాళ్లే అనుకుంటావు. అలాంటివాళ్లకి మనసెక్కడిది?”

ఆమె ఇసుకలో గీసిన గీతల్ని చెరిపేసింది. మాస్టారు ఆమె ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. “నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్నో,” అన్నాడు. ఆమె ఒక చేత్తో ఆయన జుట్టు నిమురుతూ ఉండిపోయింది. రెండో చేతిలో ఫోన్ టింగుమంటే, వచ్చిన మెసేజీ చదువుకుంది.

“ఎవరు?”

“తమ్ముడు. ఏవండీ, ఎల్లుండి దాకా ఎందుకు? రేపే ఇంటికెళ్లిపోదాం.”

“అప్పుడేనా? మళ్లీ నీ బస్సులూ, రైలూ అన్నీ మార్చుకోవాలేమో!”

“అక్కర్లేదు. తమ్ముడు రేవుకి కారు తెస్తానన్నాడు.”

“కారా?” మాస్టారు కళ్లు తెరిచాడు. “వద్దన్నది నువ్వేగా?”

“మీరు తేరుకున్నారుగా. ఇంక ఫర్వాలేదు.”

ఆయన తృప్తిగా నవ్వి మళ్లీ కళ్లు మూసుకున్నాడు, ఆమె తమ్ముడి మెసేజీని చెరిపేసే ముందు ఇంకొక్కసారి చదువుకుంది: “అక్కా, సొట్టపడ్డ బానెట్టు, పగిలిన లైటు మార్పించేశాను, రంగు కూడా ఆరిపోయింది, ఇంక బావ కాదు కదా, పోలీసులొచ్చి చూసినా అది నువ్వేనని కనిపెట్టలేరు.”