డబ్బా చూసిన ఎరుపు

మందుల షాపులన్నీ మూసేసి ఇంటింటికీ బిగించిన డబ్బా అది. నాలుక చూశాకే మాత్ర ఇస్తుంది. వరహాలమ్మ నాలుక చాపింది.

“నోట్లో రక్తస్రావం. రక్తం పలచబరిచే మాత్ర ఆపేశాం,” అంది డబ్బా.

“రక్తం కాదే దరిద్రపుదానా, కిళ్లీ!” అని కోడలు సుగుణ అరిచింది. ఎంత పుక్కిలించినా ముప్పై ఏళ్ల ఎరుపు వదల్లేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, “డబ్బా ఆపాక నేనేం చెయ్యగలనమ్మా?” అంది.

పదో రోజున వరహాలమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆసుపత్రిలోనూ మంచం పక్కన అదే డబ్బా. “నాలుక చాపండి,” అంది. ఆమె చాపలేకపోయింది.

“రోగి సహకరించడం లేదు.”

సుగుణ విసురుగా అత్త సంచిలోని కిళ్లీ తీసి నమిలి, డబ్బా కెమెరా మీద తుపుక్కున ఉమ్మింది.

“ధన్యవాదాలు. రక్తస్రావం ఇంకా తగ్గలేదు. మాత్ర ఆపేశాం.”