పట్టా కొట్టే సాయిబు

పిచ్చమ్మ నెత్తిమీది గంపతో సహా ఉప్పు మడిలో కూలబడింది.

ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరో ముఖాన నీళ్ళు చల్లారు. తర్వాత అందరూ షెడ్డు వైపు కోపంగా చూశారు.

షెడ్డు చూరుకు వేలాడే రైలు పట్టా ముక్క ఇంకా మోగలేదు. అది మోగితేనే పని దిగేది. జువ్వలదిన్నె దగ్గరి ఆ ఉప్పు కొఠారులో కూలీలు నూటఇరవై మంది. గడియారం మాత్రం ఒక్కటే. అది షావుకారు గదిలో గోడకుంది. దానికి కీ ఇచ్చేదీ, దాన్ని చూసి పట్టా కొట్టేదీ నాగుల్ మీరా.

"గడియారానికి జోల పాడతాండావా మీరా సాయిబూ?" అని అరిచాడు పెంచలయ్య. కొత్తగా పుట్టిన కూలీల సంఘానికి అతనే నాయకుడు.

నాగుల్ మీరా అటు తిరిగిపోయాడు. ఆయనెప్పుడూ అంతే. కావలి నుంచి వచ్చిన మనిషి. షెడ్డులోనే పడుకుంటాడు. ఎవరి పక్కనా కూర్చుని బీడీ కాల్చడు. సంఘంలో చేరమని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ తల అడ్డంగా ఊపాడు.

షావుకారు మనిషి గనకే చేరలేదని అందరూ తేల్చేశారు. ఎండలో ఉప్పు మోసేవాళ్ళకి సాయంత్రం ఒక పట్టాన కాదు. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కదా!

ఆ నెలలోనే నెల్లూరు నుంచి లేబర్ ఆఫీసరు వచ్చాడు. అది యాభైతొమ్మిదో సంవత్సరం. మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డు ముందు బెంచీ వేశారు.

"రోజు కూలి వద్దు సార్," అన్నాడు పెంచలయ్య. "గంటకింతని ఎనిమిది గంటలకు కట్టియ్యాలి. చెప్పాపెట్టకుండా ఎవర్నీ పనిలోంచి తీసెయ్యగూడదు."

షావుకారు నవ్వాడు. "ఎనిమిది గంటలు చేస్తే గదండీ ఇచ్చేది! వీళ్ళ పని ఏడు గంటలకు మించి నాకు కనపళ్ళేదు."

పెంచలయ్యకు ఒళ్ళు మండింది.

"ఎనిమిది కాదు, తొమ్మిది చేయిస్తాండారు! ఆ సాయిబు పట్టా ఆలస్యంగా కొట్టి మా పొద్దు దొంగిలిస్తాండాడు. ముందు ఆయన్ని తీసెయ్యండి!"

కూలీలంతా అవునవునని కేకలేశారు.

ఆఫీసరు చేతి వాచీ చూసుకున్నాడు. "వాదన దేనికి? నా వాచీ రేడియో టైముకు పెట్టింది. మీ గడియారం ఎంత చూపిస్తోందో చూస్తే సరిపోతుంది," అంటూ లేచాడు.

నాగుల్ మీరా గది గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"చూడబన్లేదు సార్. తప్పు నాది. మద్దేన్నం పూట ముల్లు వెనక్కి తిప్పతాండేది నేనే."

షావుకారు తెల్లబోయాడు. "నేను చెప్పలేదండీ! నాకేం తెలవదు!"

నమ్మేదెవరు? ఆఫీసరు మళ్ళీ బెంచీ మీద కూర్చుని కలం తీశాడు. సాయంత్రానికల్లా ఒప్పందం అయిపోయింది. కూలీలు అడిగిందంతా ఇచ్చారు.

చెప్పాపెట్టకుండా ఎవర్నీ తీసెయ్యకూడదని రాసుకున్న కాగితం మీద సిరా తడి ఆరకముందే నాగుల్ మీరాను తీసేశారు. సంఘం చప్పట్లు కొట్టింది.

ఆయన చిన్న మూట చంకన పెట్టుకుని బయల్దేరాడు. పిచ్చమ్మ ఎదురుపోయి దుమ్మెత్తి పోసింది. "మా ఉసురు నీకు తగలకపోదు!" అంది. ఆయన పక్కకు తప్పుకుని, ఇసుక దారిన వెళ్ళిపోయాడు.

కొత్త మనిషి వచ్చాడు. పట్టా మోగుతోంది. పని మాత్రం ఎంతకీ తెమలడం లేదు. ఇదివరకు పొద్దుండగానే ఇల్లు చేరేవాళ్ళు. ఇప్పుడు దీపాలు పెట్టే వేళవుతోంది.

"వీడూ దొంగేరా," అన్నాడు పెంచలయ్య. నెల్లూరు పోయి ఆఫీసరుతో మొరపెట్టుకున్నాడు.

ఆఫీసరు చెప్పకుండా వచ్చి, తిన్నగా గదిలోకెళ్ళి గడియారం చూశాడు.

"ఒక్క నిమిషం తేడా లేదయ్యా," అన్నాడు.

పెంచలయ్యకు ఏమీ పాలుపోలేదు. దొంగ ఉన్నప్పటి కంటే దొర ఉన్నప్పుడు పని ఎక్కువెలా అయింది? ఆ సాయిబునే అడుగుదామని కావలి బస్సెక్కాడు.

ఇల్లు వెతికి పట్టుకునేసరికి, గుమ్మంలో ఒక పెద్దామె బీడీలు చుడుతోంది. నాగుల్ మీరా భార్య ఆమినాబీ.

"కొఠారు నుంచి వచ్చినానమ్మా. మీరా సాయిబుతో మాట్లాడాలి."

"ఆయన కాలం చేసి రెండు నెల్లయింది నాయనా. బియ్యం మిల్లులో బస్తాలెత్తను పోయినాడు. ఆ వయసులో ఎత్తేదానికయితాదా?"

పెంచలయ్య గుమ్మం పక్కనే చతికిలబడ్డాడు.

"ఆ గడియారం సంగతి... నీకేమన్నా చెప్పినాడా?"

"చెప్పకేం. ఆడోళ్ళు ఎండలో పడిపోతాంటే చూళ్ళేక, రోజూ మద్దేన్నం ముల్లు అరగంట ముందుకు తిప్పేవోడు. రాత్రికి మళ్ళా సరిచేసేవోడు. సంఘంలో చేరితే ఆ గడియారం కాడ ఉండనియ్యరని చేరలా."

"ముందుకా? మరి ఆఫీసరుతో వెనక్కని..."

"ఆయన చూస్తే మీరు ఏడున్నర గంటలే చేస్తాండారని తేలిపోదా? మీకు కూలి ఎవరిస్తారు?"

పెంచలయ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. తల ఎత్తలేకపోయాడు.

ఆమినాబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పని పోయిన దినం ఎవరన్నా మిఠాయి పొట్లం తెస్తారా నాయనా? ఆయన తెచ్చినాడు, మన సంఘం గెలిచిందని."