ఇవాళ్టి మాట

ఆ పొద్దున హైమవతికి వీడియో కాల్ చేసిన మూడో భర్త తెర మీద ఆయాసపడుతున్నాడు. మొదటి ఇద్దరూ నకిలీలు. అసలు భర్త చలపతి స్నానం చేస్తుండగానే ఫోన్ చేసి దొరికిపోయారు. ఇప్పుడు చలపతి బయటికెళ్లి పది నిమిషాలైంది.

"హైమా, స్టవ్ వెలిగించకు! మన బ్లాకులో గ్యాస్ లీకవుతోందట. కిందికి పరిగెత్తు!"

చేతిలో లైటర్ అలాగే ఉంది. జలుబుతో ఆమెకు ఏ వాసనా తెలియడం లేదు. పోయిన వారం ఎదురింటి అనసూయ ఇలాంటి ఫోన్ కాలే నమ్మి కిందికి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి దొంగలు ఇల్లు ఊడ్చేశారు. మొహాన్నీ గొంతునూ ఎవరైనా అచ్చుపోసే ఈ రోజుల్లో ఇంటింటా పొద్దున కాఫీ దగ్గరే, అసలు మనిషిని గుర్తుపట్టడానికి, ఆ రోజుకో రహస్యపు మాట అనుకుంటున్నారు.

"ఇవాళ్టి మాట చెప్పండి," అంది.

"ప్రాణాల మీదికొస్తుంటే మాటేంటే?"

"చెబితేనే కదులుతా."

"వంకాయ?"

"అది నిన్నటిది."

"ఇవాళ చెప్పావా అసలు?"

"చెప్పా. మీరు ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టారు."

"అయితే బీరకాయ! సొరకాయ! నీ ఇష్టమొచ్చిన కాయ! నా తల్లీ, ఆ లైటర్ పక్కన పెట్టవే!"

హైమవతికి ఒళ్లు మండింది. కాఫీ దగ్గర ఏ ఫోన్ చెవులు రిక్కించిందో గానీ, నకిలీలిద్దరూ ఇవాళ్టి మాటను తడుముకోకుండా చెప్పారు. ఆమె చెప్పింది ఒక్కటీ చెవికెక్కించుకోని మనిషి లోకంలో ఒక్కడే.

లైటర్ గట్టు మీద పెట్టి, కిటికీలు బార్లా తెరిచి, మెట్ల వైపు పరిగెత్తింది.

"వస్తున్నాలెండి! అనుమానమే లేదు, మీరే!"