వదులైన వైరు

తుఫానుకి ఇంటి రేకులు ఎగిరిపోయినప్పటి నుంచి మహీధర్, అతని భార్య భవ్యశ్రీ సముద్రం ఒడ్డున డొంకూరు దగ్గర కూలిన జీడితోటలో, తమ పాత వ్యానులోనే కాపురం ఉంటున్నారు. ఊరికింకా కరెంటు రాలేదు. వ్యాను బ్యాటరీ చార్జింగుకి అద్దె జనరేటరే దిక్కు.

"దూరంగా ఎట్టు బావా, పొగ లోపలికొత్తాది" అంది భవ్యశ్రీ.

వైరు బిగుసుకునేంత దూరం మోసుకెళ్లి, విరిగిన కొబ్బరి మొద్దు పక్కన జనరేటరు పెట్టి, స్టార్టు చేసి వచ్చాడు మహీధర్. వైరుని తలుపు సందులోంచి లాగి, బ్యాటరీకి కలిపి పడుకున్నాడు.

మెలకువ వచ్చేసరికి జనరేటరు మోత దగ్గర్నుంచి వినపడుతోంది. టార్చి వేశాడు. బిగుతుగా ఉండాల్సిన వైరు పరుపు పక్కన చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

"జనరేటరు ఇటేపు తెచ్చీసినావేటే?"

"నాను దిగనేదు బావా. తల దిమ్ముగుంది, పడుకోనీ" అని ఆమె అటు తిరిగింది.

దిగి చూద్దామనుకున్నాడు. కాళ్లు కదలలేదు. అవతల నుంచి ఎవరో ఓపిగ్గా అందిస్తున్నట్టు, వైరు తలుపు సందులోంచి మెల్లగా లోపలికి జారుతోంది. చుట్ట మీద చుట్ట పడుతోంది. మోత తలుపుకి ఆనుకుంది. పొగ వాసన వచ్చింది.

"భవ్యా, లెగు" అనబోయాడు.

ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. పక్కనే పడుకున్న భవ్యశ్రీ ఊపిరి కోసం చెవులు రిక్కించాడు. సముద్రం ఒక్కటే వినపడింది.