ఆరింటి కుర్చీ

కుర్చీ వచ్చి వడ్రంగి ముందు పడింది. మూడు కాళ్లతో.

"నీకు పని నేర్పినవాణ్ణి ఒక్కసారి చూపించవయ్యా, దణ్ణం పెట్టుకుంటాను," అన్నాడు పెద్దాయన, ఊడిన నాలుగో కాలు ఊపుతూ.

ఇది పన్నెండోసారి.

వడ్రంగి అప్పటికే చొక్కా వేసుకుని కొట్టు తలుపు సగం మూశాడు. ఆరుకి పది నిమిషాలుంది. నాలుక పిడచకట్టుకుపోయింది. మందు మానేసి ఇరవై ఏడు రోజులు. పగలంతా బాగానే ఉంటుంది. ఆరయ్యేసరికి ఒళ్లంతా గొంతే అయిపోతుంది.

మలుపు తిరిగితే మందు కొట్టు. ఇనుప ఊచల మధ్య చిన్న కంత. అందులోంచి సీసా అందించే కుడి చెయ్యి, చిటికెనవేలు లేని చెయ్యి. పదకొండేళ్లు ఆ చేతినే చూశాడు. వంగి ముఖం చూసే తీరిక ఎప్పుడూ లేకపోయింది.

మానేసిన నాలుగో రోజున ఆ కొట్టు యజమాని ఫోను చేశాడు. "ఏమయ్యా, మా మీద అలిగావా? సాయంత్రం మా మనిషి చేత ఒక సీసా పంపిస్తాలే. ఊరికే." ఆ సాయంత్రం వద్దనాలో పుచ్చుకోవాలో తేలక గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎవరూ రాలేదు.

మర్నాటినుంచి ఈ పెద్దాయన తగులుకున్నాడు. రోజు విడిచి రోజు.

ఇవాళ మాత్రం వడ్రంగి ఆగదలుచుకోలేదు. ఒక్కసారికి ఏం మునిగిపోతుందిలే అనుకున్నాడు.

"రేపు రా పెద్దాయనా. నాకు పనుంది."

"చేతకాని పనివాళ్లందరికీ రేపే ముహూర్తం. పో, ఎదుటి వీధి వడ్రంగికి ఇచ్చుకుంటాను."

వడ్రంగి చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

"ఇటివ్వు. ముందు ఆ చేతి తొడుగులు తియ్యి. ఇంత ఎండల్లో చేతులకి చలేమిటి? వజ్రాలు దాచావా?"

"నా చేతులతో నీకేం పని? నీ చేతులు చూసుకో, వణుకుతున్నాయి."

నిజమే, వణుకుతున్నాయి. అది కోపంవల్లే అనుకున్నాడు వడ్రంగి.

కాలిని దీపం కిందకి తెచ్చి తిప్పి చూశాడు. కొయ్య మీద గుండ్రటి నొక్కు. జిగురు చెక్కుచెదరలేదు. చెక్కే చీలి వచ్చింది.

"ఇది కూర్చుంటే ఊడింది కాదు. సుత్తితో కొట్టారు. నా పేరు చెడగొట్టాలని ఎవడో పనిగట్టుకుని చేస్తున్నాడు."

"పని రానివాడికి అందరూ శత్రువులే."

"సరే విను. ఈ కాళ్లు ఊడగొడుతున్నది ఎవడో తేలేదాకా నా గొంతులో చుక్క పడితే ఒట్టు."

పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మాట మీద నిలబడు. జిగురు ఆరేదాకా నేనిక్కడే ఉంటా. నిన్ను నమ్మను."

ఏడున్నరదాకా ఇద్దరూ తిట్టుకున్నారు. వెనక గదిలోంచి భార్య అన్నానికి పిలిస్తే వడ్రంగి అప్పుడూ తిట్టుకుంటూనే తిన్నాడు. మలుపు గుర్తుకు రాలేదు.

ఇరవై తొమ్మిదో రోజు పెద్దాయన రాలేదు.

ముప్పయ్యో రోజూ రాలేదు. గంటన్నరసేపు ఒకే చెక్కని చిత్రిక పట్టాడు వడ్రంగి. అది అట్టముక్కలా పల్చబడింది.

ముప్పయ్యొకటో రోజు ఆరుకి పది నిమిషాలుండగా చొక్కా వేసుకున్నాడు. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒట్టు పెట్టుకున్నావు."

"దొంగ దొరకడు. వాడు దొరికేదాకా నేను ఎండిపోవాలా? తప్పుకో."

ఆమె వెనకే ఎవరో దగ్గారు. ఒకావిడ, కుర్చీ మోసుకొచ్చి రొప్పుతోంది. మూడు కాళ్ల కుర్చీ.

"నాన్న మొన్న పొద్దున పోయారన్నా. ఆరు దాటకుండా ఇది మీకు చేర్చమని మరీ మరీ చెప్పారు."

వడ్రంగి కుర్చీలో ఉన్న ఊడిన కాలు అందుకుని, "మీ పిల్లలా ఊడగొడుతున్నది?" అన్నాడు.

"మా ఇంట్లో పిల్లల్లేరు. ఆ కుర్చీలో ఎవరం కూర్చోం కూడా. ఐదయ్యేసరికి పెరట్లో సుత్తి చప్పుడు వినిపించేది, పోయే ముందురోజు కూడా. ఇదేం పిచ్చి నాన్నా అంటే, ఒక మనిషిని ఏడున్నరదాకా కూర్చోబెట్టాలమ్మా అనేవారు. ఉద్యోగం మానేసి వచ్చిన మర్నాడే మొదలెట్టారు." చేతి తొడుగులు కుర్చీలో పెట్టింది. "ఇవి కూడా మీకే ఇమ్మన్నారు."

ఆమె వెళ్లిపోయింది.

వడ్రంగి కుడిచేతి తొడుగు తీసుకున్నాడు. చిటికెనవేలు గట్టిగా తగిలింది. లోపల వేలికి బదులు గుడ్డ పీలిక కుక్కి ఉంది.

దాన్ని పనిబల్ల మీద పెట్టి, చొక్కా మేకుకి తగిలించి, జిగురు డబ్బా మూత తీశాడు.

కాలు బిగించి తాడు కట్టేసరికి ఏడు దాటింది. భార్య ఇంకా గుమ్మంలోనే ఉంది. వడ్రంగి సుత్తి అందుకున్నాడు. ఒక్క దెబ్బ. పక్క కాలు ఊడి కింద పడింది.

"అదేంటయ్యా, బాగున్న కాలు?"

"రేపు ఆరింటికి పనుండాలిగా."

ఆమె గొంతు తగ్గింది. అడగడానికే భయపడుతున్నట్టు అడిగింది.

"మరి ఇన్నాళ్లూ ఊడగొట్టింది ఎవరో తేలిందా?"

"తేలింది," అన్నాడు వడ్రంగి. "నాలుగో రోజున నాకు సీసా తేవాల్సిన మనిషి."